పసుపు గడ్డ, నురుగు కణాలు: మూత్రపిండంలో వాపా, కేన్సరా అని తేల్చుకునే దారులు

విడవకుండా వచ్చే జ్వరం, ఒకవైపు నడుం నొప్పి, తగ్గుతున్న బరువు, పాత మధుమేహం, ఏళ్ల తరబడి పెరిగిన జింకకొమ్ము ఆకారపు రాయి. ఈ వివరాలతో యాభై ఏళ్ల మహిళ నుంచి తీసిన మూత్రపిండం పాథాలజీ విభాగానికి చేరినప్పుడు, దానితో వచ్చిన కాగితం మీద చాలాసార్లు 'కేన్సర్?' అనే ఒక్క మాటే ఉంటుంది. సీటీలో గడ్డ కనబడింది, కిడ్నీ పనిచేయడం మానేసింది, చుట్టూ ఉన్న కొవ్వు గట్టిపడింది, అందుకే శస్త్రవైద్యులు మొత్తం తీసి పంపారు. దాన్ని రెండుగా కోయగానే పసుపు ముద్దలు కనబడతాయి. ఇక్కడి నుంచి పాథాలజిస్టు ముందు నాలుగైదు దారులు ఉంటాయి, వాటిలో ప్రతి ఒక్కటీ రోగిని వేరే చికిత్స వైపు తీసుకెళుతుంది.

ఆ దారుల్లో మొదటిది క్సాంథోగ్రాన్యులోమాటస్ పైలోనెఫ్రైటిస్, పొట్టిగా ఎక్స్‌జీపీ. ఇది బాక్టీరియా వల్ల మూత్రపిండంలో సాగే వాపు (ఇన్‌ఫ్లమేషన్), కేన్సర్ కాదు. దీన్ని 1916లో ష్లాగెన్‌హాఫర్ తొలిసారి వర్ణించారు. దీర్ఘకాలిక పైలోనెఫ్రైటిస్ కేసుల్లో ఇది ఒక శాతం లోపే ఉంటుందని పాఠ్యగ్రంథాలు చెబుతాయి. ప్రోటియస్ మిరాబిలిస్, ఈ.కోలై వంటి బాక్టీరియా, రాయి వల్ల మూత్రం పోయే దారి మూసుకుపోవడం, ఈ రెండూ కలిసి ఏళ్ల తరబడి సాగితే కణజాలం నశిస్తుంది, ఆ శిథిలాల్లోని కొవ్వును మాక్రోఫేజ్‌లు (చెత్తను మింగే రక్షక కణాలు) మింగి నురుగులా ఉబ్బుతాయి. గ్రీకులో 'క్సాంథోస్' అంటే పసుపు, ఆ రంగు వచ్చేది ఈ కొవ్వు వల్లనే. చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది, ఎందుకంటే క్లియర్ సెల్ (స్వచ్ఛ కణ) రీనల్ సెల్ కార్సినోమా, అంటే మూత్రపిండ కేన్సర్లలో అన్నిటికంటే తరచుగా కనబడేది, అదే కొవ్వు వల్ల అదే బంగారు పసుపులో ఉంటుంది. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనబడుతుందని మనం వెక్కిరింపుగా అంటాం. ఈ సందర్భంలో మాత్రం రెండు వస్తువులూ నిజంగానే పసుపు, తప్పు చూసేవాడి కంటిది కాదు.

ఏ నమూనా నమ్మదగింది

స్లైడ్ చదవడం కంటే ముందే తేలవలసిన ప్రశ్న ఒకటి ఉంది: ఎంత కణజాలం చేతిలో ఉంది? సూదితో కణాలు పీల్చి చూసే ఎఫ్‌ఎన్‌ఏసీ ఇక్కడ అన్నిటికంటే బలహీనమైన ఎంపిక అని నా అభిప్రాయం. గాజుపలక మీద విడివిడిగా పడిన నురుగు మాక్రోఫేజ్‌లు, అదే విధంగా విడివిడిగా పడిన తక్కువ గ్రేడు కేన్సర్ కణాలు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. చుట్టూ ఉన్న అమరిక కనబడనప్పుడు కణం ఒక్కటే ఏమీ చెప్పలేదు. లావు సూదితో సన్నని కణజాలపు పట్టీ తీసే కోర్ బయాప్సీ దానికంటే మెరుగైనదే, ఎందుకంటే ఆ పట్టీలోనైనా అమరిక కనబడుతుంది. పైగా ఇంకా పనిచేస్తున్న కిడ్నీని, లేదా ఒక మూలకే పరిమితమైన గడ్డను కాపాడుకునే ఆశ ఉన్నప్పుడు అదే సరైన దారి. అయితే కోర్‌లో కనబడింది కోర్‌కే వర్తిస్తుందన్న సంగతి మరిచిపోకూడదు. కేన్సర్ పక్కనే వాపు ఉండవచ్చు, సూది ఆ వాపులోకే దిగి ఉండవచ్చు.

ఆపరేషన్ మధ్యలో ముక్కను గడ్డకట్టించి, కోసి, అప్పటికప్పుడే చూసే ఫ్రోజెన్ సెక్షన్ గురించి ఒక మాట. శస్త్రవైద్యులు కొన్నిసార్లు కొవ్వును పట్టించే ఆయిల్ రెడ్ ఓ రంగు వేసి తేల్చమని అడుగుతారు. ఆ రంగు మామూలు పారాఫిన్ స్లైడ్ల మీద పనిచేయదు, ఎందుకంటే ఆల్కహాల్, క్సైలీన్ దాటి వచ్చేసరికి కొవ్వంతా కరిగిపోయి ఉంటుంది, ఫ్రోజెన్‌లో పనిచేస్తుంది. కానీ పనిచేసి ఏం లాభం? మాక్రోఫేజ్‌లోనూ కొవ్వే, కేన్సర్ కణంలోనూ కొవ్వే, రెండూ ఎర్రబడతాయి. ఈ ప్రశ్నకు ఆ రంగు జవాబు కాదు.

కాబట్టి వ్యాధి కిడ్నీ అంతటా వ్యాపించి, కిడ్నీ పని ఆగిపోయి, చికిత్సగానే దాన్ని తీయవలసి వచ్చినప్పుడు మొత్తం నమూనా మీద చేసిన పరీక్షే నమ్మదగింది. ఎక్స్‌జీపీ పది కేసుల్లో ఎనిమిది, తొమ్మిదింటిలో ఇలా వ్యాపించిన రూపంలోనే ఉంటుంది. మిగిలిన ఒకటి రెండు కేసుల్లో ఒక్కచోట గడ్డగా ఉండి, కొన్నిసార్లు రాయి కూడా లేకుండా, అచ్చం కేన్సర్‌లా కనబడుతుంది. కోర్ బయాప్సీకి నిజమైన విలువ ఆ కేసుల్లోనే.

కత్తి దగ్గరే సగం జవాబు

చిన్న ల్యాబుల్లో పనిచేసే యువ పాథాలజిస్టులు ఇమ్యునో మార్కర్లు (కణంలోని ప్రోటీన్‌ను యాంటీబాడీతో పట్టించే పరీక్షలు) అందుబాటులో లేవని బాధపడుతుంటారు. ఈ గడ్డ విషయంలో మార్కర్ కంటే గ్రాసింగ్ బల్ల దగ్గర, అంటే తీసిన అవయవాన్ని కోసి కంటితో చూసే చోట, గడిపిన పది నిమిషాలు ఎక్కువ పనిచేస్తాయి. కిడ్నీ రాగానే దాన్ని పొడవునా తెరవాలి, లేదంటే ఫార్మలిన్ మధ్య వరకు చేరదు. అయితే తెరిచిన వెంటనే, ఫార్మలిన్‌లో వేయకముందే, ఒక చిన్న ముక్కను, వీలైతే చీమును, కల్చర్‌కూ టీబీ జన్యు పరీక్షకూ పంపడం మరవకూడదు. ఫార్మలిన్‌లో పడ్డ ముక్క మీద కల్చర్ పెరగదు. నేను చదువుకునే రోజుల్లో ఈ ఒక్క పని మరిచిపోయినందుకు, కణికలతో నిండిన ఒక కిడ్నీకి కారణం చెప్పలేక వారం రోజులు స్లైడ్ల ముందు కూర్చున్నాను.

తెరిచిన తలంలో చూడవలసింది పసుపు రంగును కాదు, అది ఎక్కడ ఉందన్న దాన్ని. ఎక్స్‌జీపీలో పెల్విస్ (కిడ్నీలో మూత్రం చేరే గిన్నె), కేలిక్స్‌లు (ఆ గిన్నెలోకి తెరుచుకునే కప్పులు) ఉబ్బి, చీముతోనూ రాళ్లతోనూ నిండి ఉంటాయి. పసుపు పొర వాటి గోడల వెంట, నిప్పు చుట్టూ బూడిద పేరుకున్నట్టు, వలయాలుగా పేరుకుంటుంది. సీటీలో రేడియాలజిస్టులు చెప్పే ఎలుగుబంటి పాదం ఈ ఉబ్బిన కేలిక్స్‌ల రూపమే. క్లియర్ సెల్ కార్సినోమా దీనికి భిన్నంగా కార్టెక్స్ (కిడ్నీ పై పొర) నుంచి బయటికి పొడుచుకొచ్చే గుండ్రని ముద్ద. పసుపు మధ్యలో రక్తస్రావపు మచ్చలు, బూడిద రంగు పీచు, నీటితిత్తులు కలగలిసి ఉంటాయి, రీనల్ సిరలోకి పాకడం దాని అలవాటు. అందుకని సిరను తెరిచి చూడాలి, అక్కడి నుంచి ఒక ముక్క తీయాలి. చుట్టూ ఉన్న కొవ్వులోకి వ్యాపించడాన్ని మాత్రం కేన్సర్‌కు సాక్ష్యంగా లెక్కించకండి. ఎక్స్‌జీపీ కూడా కిడ్నీ దాటి కొవ్వులోకి, ఆ తర్వాత వెనుక కండరంలోకి, కొన్నిసార్లు పేగులోకి దారి చేసుకుంటుంది. మాలెక్, ఎల్డర్ 1978లో చేసిన మూడు దశల విభజన మొత్తం ఈ వ్యాప్తి మీదే నిలబడింది.

స్లైడ్ల కోసం పారాఫిన్‌లో పోసే ముక్కలు, అంటే బ్లాకులు, ఎన్ని తీయాలి అన్నదానికి నా జవాబు, పసుపు ముద్దల నుంచి తీసినన్ని పెల్విస్ గోడ నుంచి కూడా తీయాలని. దీనికి కారణం చివర్లో చెబుతాను.

నురుగు కణం, స్వచ్ఛ కణం

లో పవర్‌లో ముందు చూడండి. ఎక్స్‌జీపీకి పొరల అమరిక ఉంటుంది: కేలిక్స్ వైపు చీము కణాలు, నశించిన కణజాలం, దాని వెలుపల నురుగు మాక్రోఫేజ్‌ల పట్టీ, ఇంకా వెలుపల లింఫోసైట్లు, ప్లాస్మా కణాలు, పీచు. అక్కడక్కడా బహుకేంద్రక కణాలు, కొలెస్ట్రాల్ కరిగిపోయి మిగిల్చిన సూదిమొన చీలికలు కనబడతాయి. మిగిలిన కిడ్నీలో గొట్టాలు వడలిపోయి, లోపల గులాబీ రంగు పదార్థంతో నిండి, థైరాయిడ్ కణజాలంలా కనబడతాయి. కార్సినోమాలో ఈ పొరలు ఉండవు. దాని కణాలు గుంపులుగా కూర్చుని ఉంటాయి, ఆ గుంపుల మధ్య సన్నని రక్తనాళాలు వలలా అల్లుకుని ఉంటాయి. ఈ వలే ప్రధానమైన ఆధారం. నురుగు కణాల మధ్య కూడా రక్తనాళాలు ఉంటాయి గానీ అవి గాయం మానేటప్పుడు పుట్టే నాళాల్లా అడ్డదిడ్డంగా ఉంటాయి, కణాలను గూళ్లుగా విడదీయవు.

హై పవర్‌కు వెళ్లినప్పుడు కణం లోపలి 'ఖాళీ'ని గమనించండి. కేన్సర్ కణంలో గ్లైకోజెన్, కొవ్వు కరిగిపోవడంతో లోపలంతా తెల్లగా, కడిగిన గాజులా ఉంటుంది, కణం అంచు గీత గీసినట్టు స్పష్టంగా ఉంటుంది. మాక్రోఫేజ్ లోపలి ఖాళీ అలాంటిది కాదు. అది చిన్నచిన్న బుడగలతో, మసకగా, సబ్బు నురుగులా ఉంటుంది, అంచు కచ్చితంగా తెలియదు. మాక్రోఫేజ్ కేంద్రకం చిన్నది, కేన్సర్ కేంద్రకం గ్రేడు పెరిగేకొద్దీ పెద్దదై, లోపలి న్యూక్లియోలస్ కనబడుతుంది. అయితే తక్కువ గ్రేడు కార్సినోమాలో కేంద్రకం కూడా చిన్నగా, అమాయకంగానే ఉంటుందని గుర్తుంచుకోవాలి. కేంద్రకం చూసి వాపు అని సంతకం పెట్టినవాళ్లు పొరబడేది అక్కడే.

పాస్ రంగు ఇక్కడ చౌకలో దొరికే మంచి సాయం. మామూలు పాస్ (పీఏఎస్), గ్లైకోజెన్‌ను కరిగించే డయాస్టేజ్ ఎంజైమ్ తర్వాత పాస్, ఈ రెండు స్లైడ్లను పక్కపక్కన పెట్టుకుంటే, గ్లైకోజెన్ వల్ల వచ్చిన గులాబీ రంగు డయాస్టేజ్‌తో మాయమవుతుంది, మాక్రోఫేజ్ లైసోజోముల్లోని రేణువులు మాయం కావు. ఇది ప్రతిసారీ తేటగా తేలకపోవచ్చు గానీ ఏ జిల్లా ల్యాబులోనైనా చేయగలిగిన పని.

మరో ఉచ్చు పాపిల్లరీ రకం కార్సినోమాది. దాని వేళ్లలాంటి పోగుల మధ్య భాగంలో నిజమైన నురుగు మాక్రోఫేజ్‌లే ఉంటాయి. సన్నని కోర్ బయాప్సీలో పైపొర ఊడిపోయి మధ్యలోని నురుగు కణాలే మిగిలితే, కేన్సర్‌ను చేతిలో పెట్టుకుని వాపు అని రాసే ప్రమాదం ఉంది.

ఇమ్యునో మార్కర్లు: ఏది కొనాలి, ఏది వద్దు

డబ్బు పరిమితంగా ఉండి మూడే మార్కర్లు చేయగలిగితే నేను కోరేవి సైటోకెరటిన్ (గొట్టాల, కార్సినోమా కణాలను పట్టించేది), సీడీ163, పాక్స్8. సీడీ68ను చాలామంది ముందు అడుగుతారు. అది లైసోజోములను పట్టిస్తుంది కాబట్టి మాక్రోఫేజ్ కాని కొన్ని గడ్డల్లోనూ, ముఖ్యంగా ఎపిథెలియాయిడ్ ఆంజియోమయోలైపోమా అనే కిడ్నీ కణితిలో, పట్టవచ్చు. సీడీ163 మాక్రోఫేజ్‌కు ఎక్కువ కట్టుబడి ఉంటుంది. వైమెంటిన్ అసలు వద్దు, అది మాక్రోఫేజ్‌లోనూ క్లియర్ సెల్ కార్సినోమాలోనూ పట్టుతుంది, దానిమీద ఖర్చు వృథా.

పాక్స్8 మూత్రపిండపు ఎపిథీలియల్ (గొట్టాల లోపొర) కణాన్ని గుర్తిస్తుంది. కేంద్రకం గోధుమరంగులోకి మారినంత మాత్రాన అది కేన్సర్ కాదు, ఎందుకంటే వాపు మధ్య చిక్కుకుపోయిన పాత గొట్టాల కణాల్లోనూ అదే రంగు వస్తుంది. పాలీక్లోనల్ రకం యాంటీబాడీ వాడితే బి లింఫోసైట్లు కూడా వెలుగుతాయి, లింఫోసైట్లు దండిగా ఉండే ఎక్స్‌జీపీలో అది కంగారు పెడుతుంది. కాబట్టి ప్రశ్న 'స్లైడ్ మీద రంగు వచ్చిందా' అని కాదు, 'ఏ కణంలో వచ్చింది' అని ఉండాలి. అనుమానం ఉన్న ఆ పాలిపోయిన కణాల్లోనే కెరటిన్, పాక్స్8 వచ్చి సీడీ163 రాకపోతే అది కార్సినోమా. అవే కణాల్లో సీడీ163 వచ్చి మిగిలిన రెండూ గొట్టాలకే పరిమితమైతే అది మాక్రోఫేజ్.

నాలుగోది చేయగలిగితే కార్బానిక్ అన్‌హైడ్రేజ్ 9. క్లియర్ సెల్ కార్సినోమాలో వీహెచ్ఎల్ జన్యువు చెడిపోవడంతో కణాలు ఆక్సిజన్ లేనట్టు ప్రవర్తిస్తాయి, దాని ఫలితంగా ఈ ప్రోటీన్ కణం చుట్టూ పెట్టె గీసినట్టు కనబడుతుంది. కణజాలం నశించిన చోటు పక్కన ఇతర కణాలూ నిజంగానే ఆక్సిజన్ అందక దీన్ని చూపవచ్చు కాబట్టి, ఆ నశించిన చోటుకు (నెక్రోసిస్‌కు) దూరంగానే దీన్ని చదవాలి.

మలకోప్లేకియా: దగ్గరి బంధువు

కేన్సర్ కాదని తేలిన తర్వాత కూడా పని అయిపోదు. నురుగుగా కాక, గులాబీ రేణువులతో నిండిన పెద్ద మాక్రోఫేజ్‌లు పరుపులా పరుచుకుని ఉంటే మలకోప్లేకియా అనే మరో రకం వాపును వెతకాలి. 1902లో మైఖేలిస్, గుట్‌మాన్ వర్ణించిన గుండ్రని వస్తువులు ఈ కణాల్లో ఉంటాయి: 5 నుంచి 10 మైక్రాన్ల పరిమాణంలో, మధ్యలో చుక్కతో, గురిచూసే లక్ష్యపు పలకలా. మాక్రోఫేజ్ ఈ.కోలైని మింగి, పూర్తిగా జీర్ణించుకోలేక, ఆ మిగుళ్ల మీద కాల్షియం, ఇనుము పేర్చడం వల్ల ఇవి పుడతాయి. అందుకే కాల్షియాన్ని చూపే వాన్ కోసా, ఇనుమును చూపే పెర్ల్స్, పాస్ మూడు రంగులూ వీటిని పట్టిస్తాయి.

ఈ రెంటి మధ్య తేడాను పట్టించుకోవడం పాండిత్య ప్రదర్శన కాదు. మలకోప్లేకియా మూత్రపిండ మార్పిడి చేయించుకున్నవారిలో, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవారిలో తరచుగా వస్తుంది. మాక్రోఫేజ్ లోపలికి చొచ్చుకుపోయే ఫ్లోరోక్వినోలోన్ వంటి యాంటీబయాటిక్‌లు దీర్ఘకాలం వాడి, రోగనిరోధక శక్తిని తగ్గించే ఆ మందుల మోతాదును తగ్గించగలిగితే కిడ్నీ నిలబడే అవకాశం ఉంటుంది. వ్యాపించిన ఎక్స్‌జీపీకి మాత్రం కిడ్నీ తీయడమే సాధారణ చికిత్స.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. వ్యాధి తొలి దశలో మైఖేలిస్-గుట్‌మాన్ వస్తువులు ఇంకా ఏర్పడి ఉండకపోవచ్చు. రాళ్ల ముక్కలతో గట్టిపడిన బ్లాకును కోయడానికి టెక్నీషియన్ యాసిడ్ వాడి ఉంటే కాల్షియం కరిగిపోయి వాన్ కోసా అబద్ధం చెబుతుంది, అప్పుడు పాస్‌నే నమ్ముకోవాలి. దీనికి ఎదురు పొరపాటూ ఉంది: ఎక్స్‌జీపీలో చెదురుమదురుగా ఉండే కాల్షియం పొడి కూడా వాన్ కోసాలో నల్లబడుతుంది. కణం లోపల, గుండ్రంగా, వలయాలతో ఉంటేనే లెక్క.

మన దగ్గర టీబీని ముందే అడగాలి

విదేశీ పాఠ్యపుస్తకాల్లో టీబీ ఈ జాబితాలో చివర్లో వస్తుంది, తెలుగు రాష్ట్రాల్లో పనిచేసేవారు దాన్ని పైకి జరుపుకోవాలి. కిడ్నీ నిండా సున్నపు ముద్దలాంటి తెల్లని పదార్థం, కుంచించుకుపోయిన కేలిక్స్ మెడలు, మామూలు కల్చర్‌లో ఏమీ పెరగకపోయినా మూత్రంలో చీము కణాలు ఉంటే అనుమానం బలపడుతుంది. నెక్రోసిస్ స్వభావం చూడండి: ఎక్స్‌జీపీలో అది న్యూట్రోఫిల్స్‌తో, ముక్కలైన కేంద్రకాలతో నిండిన చీము, టీబీలో గులాబీ రంగు రవ్వలా ఉండే కేసియేషన్, దాని చుట్టూ చెప్పు ఆకారపు కేంద్రకాలున్న ఎపిథెలియాయిడ్ కణాలు, లాంగ్‌హాన్స్ బహుకేంద్రక కణాలు. బహుకేంద్రక కణం ఒక్కటి కనబడిందని టీబీ అని రాయకండి, అది ఎక్స్‌జీపీలోనూ ఉంటుంది.

టీబీ క్రిమిని పట్టించే జీల్ నీల్సన్ రంగులో బాసిల్లస్ కనబడకపోవడం టీబీ లేదనడానికి ఆధారం కాదు, పారాఫిన్ ముక్కలో అవి చాలా తక్కువగా ఉంటాయి. అందుకే ముందుగా పక్కన పెట్టిన తాజా ముక్క విలువైనది. నిర్ధారణ అయితే ప్రభుత్వానికి తెలియజేయడం 2012 నుంచి తప్పనిసరి. నురుగు కణాలు లేకుండా, మధుమేహ రోగిలో, నాళాల్లోకి చొచ్చుకుపోయి నెక్రోసిస్ కనబడితే ఫంగస్ కోసం పాస్, సిల్వర్ రంగులు కూడా వేయాలి. లోపల అడ్డగోడలు దాదాపు లేని వెడల్పాటి పోగులు మ్యూకర్ అనే ఫంగస్‌వి.

అరుదైనవి రెండు

ప్లాస్మా కణాలే ఎక్కువగా ఉండి, పీచు సుడులు తిరుగుతూ, చిన్న సిరలు వాపుతో మూసుకుపోయి ఉంటే ఐజీజీ4 వ్యాధిని (ఐజీజీ4 అనే యాంటీబాడీని తయారుచేసే ప్లాస్మా కణాలు పెరిగే వాపు) తలచుకోవాలి. కోర్ బయాప్సీలో హై పవర్ క్షేత్రానికి 10కి మించి, తీసిన నమూనాలో 30కి మించి ఐజీజీ4 ప్లాస్మా కణాలు, మొత్తం ఐజీజీ కణాల్లో వాటి వాటా 40 శాతానికి మించి ఉండటం అంగీకృత ప్రమాణాలు. అయితే అంకె ఒక్కటే చాలదు, వేరే దీర్ఘకాలిక వాపుల్లోనూ ఆ కణాలు పెరుగుతాయి. చీము, నెక్రోసిస్ ఉంటే ఐజీజీ4ను పక్కన పెట్టవచ్చు. ఇది స్టెరాయిడ్‌కు కరిగే వ్యాధి కాబట్టి కోర్‌లోనే గుర్తిస్తే కిడ్నీ దక్కుతుంది. సాగిన కణాలు పెనవేసుకుని, మధ్య ప్లాస్మా కణాలు ఉంటే ఇన్‌ఫ్లమేటరీ మయోఫైబ్రోబ్లాస్టిక్ ట్యూమర్ కావచ్చు, దాదాపు సగం కేసుల్లో ఏఎల్‌కే మార్కర్ పట్టుతుంది. పేరులో 'ఇన్‌ఫ్లమేటరీ' ఉన్నా అది వాపు కాదు, కణితి.

పెల్విస్ గోడ, రిపోర్టు భాష

ఇప్పుడు పెల్విస్ బ్లాకుల సంగతి. ఏళ్ల తరబడి రాయి రాసుకున్న చోట యూరోథీలియం, అంటే పెల్విస్ లోపొర, పొలుసుల పొరగా మారవచ్చు, ఆ మారిన పొరలో స్క్వామస్ కార్సినోమా పుట్టవచ్చు. యూరోథీలియల్ కార్సినోమా, రీనల్ సెల్ కార్సినోమా కూడా ఎక్స్‌జీపీతో కలిసి ఉన్న కేసులు వైద్య సాహిత్యంలో నమోదయ్యాయి. అంటే 'వాపా, కేన్సరా' అన్న ప్రశ్నకు కొన్నిసార్లు 'రెండూ' అన్నదే జవాబు, ఆ కేన్సర్ పసుపు ముద్దలో కాక దాని పక్కన పలుచని పొరలో దాగి ఉంటుంది.

మొత్తం కిడ్నీ చూసినప్పుడు రిపోర్టులో వ్యాధి పేరు, వ్యాపించిన రూపమా లేక ఒకచోటి గడ్డనా, కొవ్వులోకి ఎంత వెళ్లింది, పెల్విస్ నుంచి ఎన్ని బ్లాకులు చూశారు, టీబీ, ఫంగస్ రంగుల ఫలితాలేమిటి అన్నవి రాయండి. కోర్ బయాప్సీలో అయితే 'కేన్సర్ లేదు' అన్న వాక్యాన్ని వాడకండి. 'పంపిన కణజాలంలో నురుగు మాక్రోఫేజ్‌లతో కూడిన దీర్ఘకాలిక వాపు కనబడింది, సీటీలోని గడ్డకు ఇది సరిపోలుతుందో లేదో చూడాలి, పక్కన కణితి ఉండే అవకాశాన్ని ఈ నమూనా తోసిపుచ్చదు' అని రాసి, రేడియాలజిస్టుకు, యూరాలజిస్టుకు ఫోన్ చేసి ఆ మాటే నోటితో కూడా చెప్పండి.